గోడ కింది కన్నాలు

జిగురు గది, చెప్పుల కార్ఖానా
భోజనాల వేళ

బావకి,

నేను క్షేమం, మీ క్షేమం కోరుతున్నాను అని మొదలుపెడితే నువ్వు అక్కడే ఆవలించి కాగితం మడిచేస్తావు. అందుకని ముందు గొప్పలు చెప్పుకుంటాను. మీ ఆవిడ తమ్ముణ్ని జిగురు గదికి మేస్త్రీని చేశారు. ఇన్నాళ్లూ బల్ల ముందు కూర్చుని చెప్పుల అడుగు సోళ్లకి జిగురు పూసినవాణ్ని, ఇప్పుడు బల్లల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాను. నడక కూడా మారిందని మీ చెల్లెలు ఎగతాళి చేస్తోంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. పగలు చేస్తే నీ ఫోను ఫ్యాక్టరీ గేటు బయట పెట్టెలో మూలుగుతూ ఉంటుంది. సాయంత్రం చేస్తే అక్క లాక్కుంటుంది. నీతో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే నాకు కాగితమే గతి.

అసలు సంగతికొస్తాను. జిగురు పల్చన చేసే మా పాత తిన్నర్ నీకు గుర్తుందిగా, పోయినసారి మా ఇంటికొచ్చినప్పుడు నా చొక్కా వాసనకే ముక్కు మూసుకున్నావు. అది పనివాళ్లకి మంచిది కాదని మా చెప్పులు కొనే పెద్ద కంపెనీవాళ్లు వద్దన్నారట. ఓనరు కొత్త డ్రమ్ములు తెప్పించాడు. బావా, ఇది బంగారం! కళ్లు మండవు, తలనొప్పి రాదు. సన్నగా పెట్రోలు వాసనలా ఉంటుంది, కాసేపటికి అదీ తెలియదు. జిగురులో కలిపి పూస్తే ఊదేలోపు ఆరిపోతుంది. సాయంత్రం చేతులకి అంటిన జిగురు కూడా దీనితోనే కడుక్కుంటున్నాం. గోళ్ల సందుల్లోంచి కూడా ఇట్టే వదిలిపోతుంది.

మా గదిలో ఒకావిడ ఉంది, అందరం రేడియో అంటాం. పొద్దున బ్రష్షు పట్టుకున్నప్పుడు నోరు తెరిస్తే మళ్లీ చేతులు కడుక్కున్నాకే మూస్తుంది. "ఈ నీళ్లు మా అత్త మాటల మీద పోస్తే ఆ మరకలు కూడా పోతాయేమో మేస్త్రీ" అంటుంది. గదంతా నవ్వు.

డ్రమ్ము మీద కాగితం చింపేసి ఉంది. మంట బొమ్మ ఒక్కటే మిగిలింది. నువ్వు కూడా డ్రమ్ముల మధ్యే బతుకుతున్నావుగా, ఇదేమిటో చెప్పు. మా గోడ అవతలే వెల్డింగ్ షెడ్డు. గోడ కింద మోకాలెత్తున వరసగా జాలీ కన్నాలున్నాయి. టీ తాగుతూ వాటిలోంచి చూస్తే అవతల నిప్పురవ్వలు భలేగా ఎగురుతుంటాయి.

నీ బావమరిది,
మేస్త్రీ (ఈ మాట రాయడానికే ఇంత ఉత్తరం)


గేటు గది, నూనె ఫ్యాక్టరీ

మేస్త్రీగారికి,

నీ నడక సంగతి తర్వాత. నిప్పురవ్వలు భలేగా ఎగురుతాయా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుందిరా?

నువ్వు చెప్పిన గుణాలన్నీ మా సరుకువే. దాని పేరు హెక్సేన్. గానుగ ఆడాక మిగిలే పిండి చెక్కలో ఇంకా కాస్త నూనె దాక్కుని ఉంటుంది. ఎంత పిండినా రాదు. ఈ హెక్సేన్ పోస్తే ఆ నూనెని కడిగి బయటికి తెస్తుంది. తర్వాత వేడి చేస్తే ఇది ఆవిరైపోయి నూనె మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లబరిచి మళ్లీ వాడతాం. నూనె మిల్లులూ, జిగురు కంపెనీలూ, అచ్చాఫీసుల్లో యంత్రాలు తుడిచేవాళ్లూ, అందరికీ ఇదే కావాలి. పని అంత శుభ్రంగా చేస్తుంది.

కానీ దీని కోపం నీకు తెలియదు. దీని ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. పాకి పాకి ఎక్కడో ఉన్న నిప్పుని వెతుక్కుంటుంది. దొరికిందా, అక్కణ్నుంచి మంట వెనక్కి పరిగెత్తుకొచ్చి డ్రమ్మునీ నిన్నూ కలిపి కౌగిలించుకుంటుంది. అందుకే ఇక్కడ నాలాంటివాణ్ని గేట్లో కూర్చోబెట్టారు. అగ్గిపెట్టె, ఫోను, మేకుల బూట్లు, నైలాను చొక్కా, ఏదీ లోపలికి పోనివ్వను. సుత్తులు కూడా ఇత్తడివే. మేనేజరు లైటరు కూడా లాక్కున్న ఘనుణ్ని నేను.

కాబట్టి విను. ఆ గోడ కింది కన్నాలు వెంటనే మూయించు. ఆవిరి అటు పోకూడదు. మీ గదిలో పాత ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటుంది, దాని మోటారులో నిప్పురవ్వలు వస్తాయి. దాన్ని ఆపించి, రవ్వ బయటికి రాని మూత మోటారు ఫ్యాను పెట్టించు. మా దగ్గర అన్నీ అవే.

భయపడకు. మంట ఒక్కటే దీని జబ్బు. ఆ ఒక్కటీ చూసుకుంటే పాలలాంటి సరుకు. నేను ఇన్నేళ్లుగా దీని పక్కనే ఉన్నాను, గుండ్రాయిలా ఉన్నాను. ఆర్నెల్లకోసారి కంపెనీ డాక్టరు వచ్చి మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, అరికాలు గీకి చక్కిలిగింతలు పెట్టి పోతాడు. చదువుకున్నవాళ్లకి కూడా ఏదో ఒక కాలక్షేపం కావాలిగా. మీ అక్కకి చెప్తే నవ్వాపుకోలేకపోయింది.

నీ క్షేమం కోరే (ఈసారి నిజంగానే),
బావ


జిగురు గది

బావకి,

నువ్వు చెప్పిన పని పూర్తయింది. తాపీవాణ్ని పిలిస్తే ఆలస్యమని నేనే పంచె ఎగ్గట్టి ఇటుకలు పెట్టి సిమెంటు మెత్తేశాను. మధ్యాహ్నానికి కన్నాలన్నీ మాయం. వెల్డింగ్ షెడ్డువాడు అవతలి నుంచి "ఏం మేస్త్రీ, మా మొహాలు చూడ్డం విసుగొచ్చిందా?" అని అరిచాడు. ఫ్యాను ఆపించాను. తలుపు కింద సందులో గోనె కూడా కుక్కాను. అది నువ్వు చెప్పలేదు, నా సొంత తెలివి.

ఓనరు వచ్చి గది చూసి నా భుజం తట్టాడు. "నీకింత జాగ్రత్త ఉందని తెలిస్తే ఎప్పుడో మేస్త్రీని చేసేవాణ్ని" అన్నాడు. కన్నాల్లోంచి దుమ్ము వచ్చి జిగురు మీద పడటం కూడా తప్పింది. మూత మోటారు ఫ్యాను గురించి చెప్పాను. తెప్పిస్తానన్నాడు.

మా వాళ్లు నీకు పేరు పెట్టారు, గేటు బావ. "గేటు బావ ఇంకేం మానెయ్యమన్నాడు మేస్త్రీ, ఊపిరి పీల్చచ్చా?" అని రేడియో రోజూ అడుగుతుంది. భోజనాలయ్యాక గదిలో అందరికీ మత్తుగా ఉంటోంది. ఊరికే నవ్వొస్తుంది. చలికాలం తలుపులేసుకుని వెచ్చగా కూర్చున్నట్టు హాయిగా ఉంది.

పని జోరుగా ఉంది. ఇక ఉంటాను.

నీ శిష్యుడు


గేటు గది

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. తమ్ముడు ప్రయోజకుడయ్యాడని మురిసిపోయి ఆ మెప్పంతా నీ ఖాతాలోనే వేసింది. సలహా ఎవరిదే అని అడిగితే వినపడనట్టు ఊరుకుంది. నా రాత ఎప్పుడూ ఇంతే.

గేట్లో కూడా చెప్పుకున్నాను. ఎక్కడో ఉన్న కార్ఖానాని ఇక్కడ కుర్చీలోంచి కాపాడానని. మావాళ్లు నన్ను రెండ్రోజులు దేవుణ్ని చేసి మూడో రోజు మర్చిపోయారు.

ఫ్యాను వచ్చిందా? ఆ ముక్క రాయలేదు. మా చెల్లెల్నీ చంటిదాన్నీ అడిగానని చెప్పు.

బావ


ఇంటి నుంచి, సెలవు రోజు

బావకి,

ఆలస్యమైంది, తిట్టకు. పెద్ద ఆర్డరు వచ్చింది. నెలల తరబడి పొద్దున పోతే దీపాలు పెట్టాకే ఇంటికి. ఫ్యాను వచ్చింది. బాగానే తిరుగుతోంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. మొన్న కార్ఖానా నుంచి ఇంటికి నడిచొచ్చాను. మీ చెల్లెలు తలుపు తీసి "ఒక కాలికి చెప్పేదండీ?" అంది. చూసుకుంటే కుడికాలు ఉత్తిది. చెప్పు ఎక్కడ జారిందో, ఎంత దూరం బోడికాలితో వచ్చానో నాకు తెలియనే లేదు. బొటనవేలు చీరుకుని రక్తం కూడా కారుతోంది. ఊరందరికీ చెప్పులు కుట్టేవాడికి తన చెప్పు పోయిన సంగతి తెలియలేదంటే ఇంతకంటే పరువు తక్కువ ఏముంది! వెనక్కి వెళ్లి వెతికితే వీధి మలుపులో దొరికింది.

అరికాళ్లు ఎప్పుడూ సాక్సులు వేసుకున్నట్టు ఉంటున్నాయి. నిలబడి నిలబడి అలా అయింది. చంటిది నిద్రలేపడానికి నా పాదాలు గీకుతుంది. ఇదివరకు ఎగిరిపడేవాణ్ని. ఇప్పుడు ఎంతసేపు గీకినా లేవట్లేదని అలిగింది. సన్నబడ్డానని మీ చెల్లెలి గోల. రేడియో చేతిలోంచి బ్రష్షు జారిపోతోంది. వయసు మీద పడిందని ఆటపట్టిస్తే, "నీ చెప్పు ఏ వయసుకి జారింది మేస్త్రీ?" అంది. మాటకి మాట, వదలదు.

అక్షరాలు వంకర పోతున్నాయి. చలికి వేళ్లు బిగుసుకున్నాయి. ఇక్కడితో ఆపుతాను.

నీ బావమరిది


గేటు గది

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చిన వారంలోనే మా డాక్టరు వచ్చాడు. ఎప్పట్లాగే నా అరికాలు గీకాడు. నాకు ఎప్పట్లాగే చక్కిలిగింత పుట్టింది. కానీ నవ్వు రాలేదు. చంటిది గీకితే నీకు తెలియలేదని రాశావు, అదొక్కటే కళ్లముందు నిలిచింది. "ఎందుకండీ ఇలా గీకుతారు?" అని అడిగాను. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాను. ఆయన వింతగా చూసి "ఇన్నాళ్లూ ఎందుకనుకున్నారు?" అన్నాడు.

విను, తొందరపడకుండా చదువు. మంట ఒక్కటే కాదు దీని జబ్బు. రోజూ ఎక్కువగా పీలిస్తే ఒంట్లోకి వెళ్లి ఇది ఇంకో విషంగా మారుతుందట. నరాలు కొసల నుంచి చచ్చుబడుతూ వస్తాయట. ముందు కాలివేళ్లు, తర్వాత చేతివేళ్లు, తర్వాత పట్టు, నడక. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చేతులు కడుక్కుంటే చర్మంలోంచి కూడా పోతుందట. మా దగ్గర ఇది పైపుల్లోనే తిరుగుతుంది, పారిపోయింది ఏదైనా ఉంటే ఫ్యాన్లు బయటికి తోడేస్తాయి. అందుకే నేను గుండ్రాయిలా ఉన్నాను. నా గొప్పేం లేదు.

మీ గది సంగతి చెప్పాను. కన్నాలు మూశారనీ, ఫ్యాను ఆపారనీ చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేసి "ఎవరు చెప్పారు అలా చెయ్యమని?" అన్నాడు. నేనేనని చెప్పాను.

రేపటి నుంచి ఆ గదిలోకి వెళ్లకు. ఎవర్నీ వెళ్లనివ్వకు. అవతల వెల్డింగ్ ఆపించి కన్నాలు తెరిపించు. అందర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పని మానేశాక కూడా కొన్నాళ్లు ముదురుతుందట, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుందట. కాబట్టి ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు.

ఫ్యాను సంగతి నిజం చెప్పు. తిరిగే ఫ్యాను ఉంటే జబ్బు ఇంత ముదిరేది కాదన్నాడు ఆయన.

బావ


ఇంటి నుంచి

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది.

ఫ్యాను రాలేదు. అడిగిన ప్రతిసారీ "వచ్చే నెల" అన్నాడు ఓనరు. కొత్తగా మేస్త్రీని చేసినవాణ్ని పదేపదే అడగడానికి మొహం చెల్లలేదు. మీకు నిజం రాస్తే మీరు ఊరుకోరని అబద్ధం రాశాను. గది వెచ్చగా ఉంది, దుమ్ము లేదు, మంట భయం లేదు. మంట ఒక్కటే దీని జబ్బని రాసింది మీరు. పాలలాంటి సరుకని రాసింది మీరు. నేను ఆ మాటలు గది మధ్యలో నిలబడి అందరికీ చదివి వినిపించాను.

ఓనరు దగ్గరికి వెళ్లాను. మెట్లు ఎక్కడానికి కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది. మొత్తం చెప్పాను. శాంతంగా విన్నాడు. "మూసింది ఎవరు? నేను మూయమన్నానా? ఆర్డరు పూర్తయ్యేదాకా గోడ జోలికి పోకు. గది ఆగితే మొత్తం కార్ఖానా ఆగుతుంది, అందరూ ఇంటికి పోవాలి, ముందు నువ్వు" అన్నాడు. మేం ఉంటున్న ఇల్లు కూడా ఆయన కట్టించిన ఇళ్ల వరసలోదే, మీకు తెలుసు.

కాబట్టి రోజూ వెళ్తున్నాను. తలుపు వేసుకుంటున్నాం. రేడియో కుర్చీలోంచి లేవాలంటే బల్లని రెండు చేతులా నొక్కి లేస్తోంది. మూలబల్లమీద ఒకతను సోళ్లు పట్టుకోలేక మోచేతులతో నొక్కుతున్నాడు. "నీరసం మేస్త్రీ, మందు ఏమైనా చెప్పమని గేటు బావని అడుగు" అంటున్నారు. నాకు తెలిసింది వాళ్లకి చెప్పలేకపోతున్నాను. ఏ మొహంతో చెప్పను, ఆ ఇటుకలు పేర్చింది నేనే. వాళ్లు కూర్చుని చూశారు. సిమెంటు కలపడానికి నీళ్లు తెచ్చింది రేడియోనే.

గదిలో ఉంటే విషం పీలుస్తున్నానని తెలుస్తోంది. బయటికి వస్తే వాళ్లని లోపల వదిలేసి వచ్చానని తెలుస్తోంది. ఎక్కడా ఊపిరాడటం లేదు. మీరు అక్కడ కుర్చీలో కూర్చుని "రేపటి నుంచి వెళ్లకు" అని రాయగలరు.

అక్కకి ఏమీ చెప్పకండి.

ఇట్లు,
మీ బావమరిది


గేటు గది

ఒరేయ్,

నీకు మీసాలు రాకముందు నుంచీ నన్ను "నువ్వు" అంటున్నావు. పెళ్లిపందిట్లో పెద్దవాళ్లంతా కోప్పడినా మానలేదు. ఈ ఉత్తరంలో మొదటి నుంచి చివరి దాకా "మీరు" అన్నావు. చదువుతుంటే ఎవరో పరాయివాడు నన్ను కోర్టులో నిలబెట్టి అడుగుతున్నట్టు ఉంది. నాకు కావలసిందే. నువ్వు తిట్టి ఉంటే ఇంత నొచ్చుకునేవాణ్ని కాదు.

తప్పు నాదిరా. చూడని గదికి వైద్యం చెప్పాను. మంట భయం ఒక్కటే నేర్పారు నాకు, ఆ ఒక్కటే నీకు నేర్పాను. ఇంకేమైనా ఉందేమోనని అడగాలని తోచలేదు. అడిగితే చెప్పే మనిషి ఆర్నెల్లకోసారి నా అరికాళ్ల దగ్గరే కూర్చునేవాడు.

అక్కకి చెప్పేశాను. ఆ ఒక్కటీ దాచడం నా వల్ల కాలేదు. విన్నప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, నన్ను చూడదు.

నువ్వు నీ గురించి ఏమైనా అనుకో, నన్ను ఏమైనా అను. కానీ వాళ్లకి చెప్పు. ఇంకో పూట ఆగకు. నా పేరు చెప్పు. "గేటు బావ చెప్పాడు, నేను విన్నాను, ఇద్దరం ముంచాం" అను. ఇంకా ఏం చెప్పాలో తెలియకపోతే అంతే చెప్పి బయటికి నడిపించు. ఇల్లు పోతే మా ఇంటికి రండి. ఇరుక్కుని పడుకుందాం.

గోడ పగలగొట్టేటప్పుడు ముందు డ్రమ్ములన్నీ బయటికి దొర్లించు. అవతలివాడి చేత మంట ఆపించు. గోడ బాగా తడిపి, తడిగోనె కప్పి, అవతలి వైపు నుంచి కొట్టించు. ఇనుము ఇటుకని తాకితే రవ్వ వస్తుంది. ఇంకా సలహాలిస్తున్నానని తిట్టుకోకు. ఇదొక్కటి మాత్రం నాకు నిజంగా తెలుసు.

బావ


ఇంటి నుంచి
(మీ చెల్లెలి చేత రాయిస్తున్నాను)

బావగారికి,

పెన్ను నిలవడం లేదు, అందుకే ఈ ఏర్పాటు.

చెప్పాను. మీ ఉత్తరం చదివిన మర్నాడు పొద్దున్నే, బల్లల ముందు కూర్చోకముందే చెప్పాను. డ్రమ్ములు దొర్లించడానికి లేచారు. ఒక డ్రమ్ముని నలుగురం కలిసినా వంచలేకపోయాం. అంతకుముందు దాన్ని నేనొక్కణ్నే వంచేవాణ్ని. గడ్డపార తెచ్చి సిమెంటు మీద ఒకసారి ప్రయత్నించబోయాను, మీ మాట గుర్తొచ్చి ఆగాను. ఆగకపోయినా అది నా చేతిలో నిలిచేది కాదు. ఒక్క మధ్యాహ్నంలో నేను కట్టిన గోడ. గదిలో అంతమందిమి ఉండి దాన్ని పడగొట్టే బలం ఒక్కరికి లేదు.

రేడియో గోడకి నోరు ఆనించి అవతలివాణ్ని పిలిచింది. వెల్డింగ్ అతను మంట ఆర్పి వచ్చాడు. డ్రమ్ములు అతనే దొర్లించాడు. గోడ తడిపాడు, గోనె కప్పాడు, అవతలి నుంచి కొట్టాడు. కన్నాలు తెరుచుకున్నాక అందరం బయటికి వచ్చి ఎండలో కూర్చున్నాం.

ఓనరు గదికి తాళం వేశాడు. ఎవరో చెప్తే కార్ఖానాలు పరిశీలించే సర్కారు ఆఫీసరు వచ్చాడు. నాకేం పరవాలేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నాను. ఎవరూ మా ఇంటికి రావడం లేదు. రాకపోవడమే మంచిది. మీరు కూడా ఇక రాయకండి. అక్కని బాధ పెట్టొద్దు.

ఇట్లు,
బావమరిది

అన్నయ్యగారూ, ఇక్కణ్నుంచి నా మాటలు. ఆయన చెప్పినవన్నీ ఉన్నదున్నట్టు రాశాను, కానీ చివర చెప్పినవి నిజం కావు. కర్రతో నడవడం లేదు. పక్క గదిలో తలుపు గడియ పెట్టుకుని పడుకుంటున్నారు. చంటిది పిలిచినా తీయడం లేదు. ఆకలి వేసినప్పుడు ఒక్కసారి తీస్తారు, అంతే.

వాళ్లు రోజూ వస్తున్నారు. నడవగలిగినవాళ్లు నడవలేనివాళ్లని పట్టుకుని వస్తున్నారు. మెట్ల మీద కూర్చుంటున్నారు. నిద్రపోతున్నారని చెప్పమంటారు ఈయన, చెప్తున్నాను. తిట్టడానికి కాదు వాళ్లు వచ్చేది. ఆ కన్నాలు మొదటి నుంచీ తెరిచే ఉన్నాయని ఓనరు ఆఫీసరుకి చూపించాడట. ఇప్పుడు తెరిచే ఉన్నాయి కదా! గాలి బాగా ఆడే గదిలో జబ్బు ఎందుకొస్తుంది, వీళ్లకి వేరే ఏదో ఉందని అన్నాడట. వెల్డింగ్ అతని షెడ్డు కూడా ఓనరుదే, అతను నోరు మెదపడం లేదు. పనివాళ్ల మాట కార్ఖానా మీద కోపంతో చెప్తున్నట్టుంది, మూసిన మనిషి వచ్చి చెప్తే రాసుకుంటానన్నాడట ఆఫీసరు. అది తేలితేనే వైద్యం ఖర్చు కార్ఖానా పెట్టుకోవాలట.

రేడియో అంటారే, ఆవిడ అందరికంటే ముందొస్తుంది, అందరూ వెళ్లాక వెళ్తుంది. ఒక్క మాట మాట్లాడదు. నాకు భయంగా ఉంది. మీరు రాస్తే వింటారేమో. ఆయన కోప్పడినా సరే, ఈ మాటలు కూడా కలిపే ఈ ఉత్తరం పోస్టు చేస్తున్నాను.


బస్టాండు బెంచీ మీద నుంచి

ఒరేయ్,

ఇది మాకంటే ఒక పూట ముందు చేరుతుంది, వెనకాలే మేమూ చేరతాం. నీ ఊరి వైపు వచ్చే డ్రైవరు చేతికిస్తున్నాను. మాకు సీట్లు దొరకలేదు, తర్వాతి బస్సుకి వస్తున్నాం. మీ అక్క పక్కనే ఉంది. నేనేం రాస్తున్నానో తొంగి చూస్తోంది కాబట్టి కాస్త మర్యాదగా రాస్తాను.

ఇతరుల కార్ఖానా గొడవల్లో తలదూర్చొద్దని మా మేనేజరు చెప్పాడు. తలదూరిస్తే గేటుకి రావద్దన్నాడు. లైటరు లాక్కున్న కోపం ఇన్నాళ్లకి తీర్చుకున్నాడు. పోనీలే. ఇక నుంచి నా ఫోను నా జేబులోనే ఉంటుంది.

చెల్లెలి మీద కోప్పడకు. ఆ పిల్ల మంచిపని చేసింది.

నేను దిగగానే మీ మెట్ల మీద రేడియో పక్కన కూర్చుంటాను. నేనే గేటు బావనని చెప్తాను. తిడితే పడతాను. ఆఫీసరు దగ్గరికి వెళ్లి మూయమన్నది నేనేనని కూడా చెప్తాను. కానీ ఒక మాట విను. నా సాక్ష్యం దేనికీ పనికిరాదు. ఆ గది ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ కన్నాలు ఎన్నో, ఎక్కడున్నాయో, ఎన్ని నెలలు మూసి ఉన్నాయో నేను చెప్పలేను. అది చెప్పగలిగేది కట్టినవాడే. నువ్వు చెప్తే నింద నీ మీద పడుతుంది, నిజమే. చెప్పకపోతే వాళ్లు ఈ కాళ్లతో, ఈ చేతులతో ఎవరూ చూడకుండా ఇళ్లల్లో పడి ఉంటారు. నువ్వు ఇప్పుడు పడి ఉన్నట్టే.

నువ్వు వాళ్లని చూడలేకపోతున్నావు. వాళ్లు మాత్రం నిన్ను చూడటానికి, పడుతూ లేస్తూ రోజూ వస్తున్నారు. నీ మొహం చూస్తే చాలన్నట్టు కూర్చుంటున్నారు. ఇది నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. నీకు పట్టకూడదు.

నడవలేకపోతే పాకుతూ రా. సిగ్గేం లేదు, బయటున్న వాళ్లంతా నీలాంటివాళ్లే. తలుపు దాకా వస్తే చాలు. గడియ తీయడానికి వేళ్లు రాకపోతే ఒక్క కేకెయ్యి. ఇటు నుంచి తోస్తాం.

నీ బావ